ముందే నిర్ణయమైపోతే ప్రార్థన ఎందుకు?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. తాతల కాలం నుంచి బాప్టిస్టులం. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాం. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. 2021లో కొవిడ్‌తో నాన్న పోయారు. ఆయన ఐసీయూలో ఉన్నన్నాళ్లూ తమ్ముడు తిండి మానేసి ప్రార్థన చేశాడు. సమాధుల తోటలో అందరూ వాడి భుజం తట్టి ‘అంతా దేవుని చిత్తం’ అన్నారు. అప్పటి నుంచి వాడు చర్చికి రావడం తగ్గించి, ఇప్పుడు పూర్తిగా మానేశాడు. నేను వెళ్లే సంఘంలో యూత్ లీడర్ బ్రదర్‌కి చెబితే, ‘దేవుడు ముందే రక్షణకు ఏర్పరచుకున్నవాడైతే తిరిగొస్తాడు, రాకపోతే మొదటి నుంచీ ఏర్పాటులో లేడని అర్థం’ అన్నారు. ఊళ్లో అమ్మ వెళ్లే కూడికలో ఒక పెద్దావిడ, ‘దేవుడు ఎవర్నీ బలవంతం చెయ్యడు, నిర్ణయం మనిషిదే. నువ్వు గట్టిగా ప్రార్థన చేసి ఉంటే కొడుకు జారిపోయేవాడా?’ అన్నారట. అమ్మకు షుగర్ ఉంది. అయినా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటోంది. దేవుడు ముందే నిర్ణయించేస్తే ప్రార్థన ఎందుకు? అంతా మనిషి చేతిలోనే ఉంటే దేవుణ్ణి అడగడం ఎందుకు? ఈ ఇద్దరిలో ఎవరిది కరెక్ట్? తమ్ముడితో ఏం మాట్లాడను? మా సంఘం మారిపోనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా, సిద్ధాంతం సంగతి తర్వాత. ముందు మీ అమ్మగారి షుగర్ సంగతి చూడండి. మాత్రలు వేసుకుంటూ పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కళ్లు తిరిగి పడితే లేపడానికి ఇంట్లో ఇంకో మనిషి కూడా లేరు. డాక్టర్‌ని అడగకుండా ఇంకో ఉపవాసం వద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మీ మాట వినకపోతే ఊళ్లో పాస్టరుగారితో చెప్పించండి. అన్నం తిని చేసిన ప్రార్థన దేవుడికి వినపడదని బైబిల్లో ఎక్కడా లేదు.

ఇక అసలు ప్రశ్న. మీకు తగిలిన ఇద్దరూ చెరో ఒడ్డున ఉన్నారు. కానీ ఒక పని మాత్రం ఇద్దరూ ఒకేలా చేశారు. లేఖనంలో ఉన్న మాటతో మొదలుపెట్టి, లేఖనంలో లేని మాట దగ్గర ఆగారు. ఒకరు మీ తమ్ముడి మీద తీర్పు చెప్పేశారు, ఇంకొకరు మీ అమ్మ మీద. కాల్వినిజం (ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందే నిర్ణయించాడనేది), అర్మీనియనిజం (దేవుడి కృపను మనిషి కాదనగలడనేది) అని మనవాళ్లు యూట్యూబ్‌లో ఎంత కొట్టుకున్నా, మీ ఇంటికి జరిగిన నష్టం ఆ రెండింటి వల్లా కాదు, ఈ తీర్పుల వల్ల జరిగింది.

యూత్ లీడర్ గారు చూపించేది రోమా పత్రిక 9వ అధ్యాయమే అయ్యుంటుంది. ‘కాగా పొందగోరువానివలననైనను, ప్రయాసపడువానివలననైనను కాదు గాని, కరుణించు దేవునివలననే అగును.’ బరువైన వచనం. దాన్ని తేలిక చేసి మాట్లాడను. కానీ ఆ అధ్యాయాన్ని చాలామంది, కవలల్లో దేవుడు యాకోబును ఎన్నుకుని ఏశావును కాదన్న చోట తెరుస్తారు. ఆ పత్రిక రాసిన పౌలు అక్కడ మొదలుపెట్టలేదు. ‘నాకు బహు దుఃఖమును, నా హృదయములో మానని వేదనయు కలవు’ అని మొదలుపెట్టాడు. సొంత జనం క్రీస్తుకు దూరమయ్యారన్న బాధ అది. వాళ్ల కోసం తాను శాపగ్రస్తుడైపోయినా ఫరవాలేదనేంత బాధ. తర్వాత, మట్టితో ఏ కుండ చెయ్యాలన్నది కుమ్మరి ఇష్టమే అని అంత కఠినంగా రాసి, 10వ అధ్యాయం మొదటి వచనానికి వచ్చేసరికి ఆ జనం రక్షణ కోసమే ప్రార్థన చేస్తున్నానంటాడు. ఏర్పాటు గురించి బైబిల్లో ఇంతకన్నా గట్టి అధ్యాయం లేదు. దానికి ముందు కన్నీళ్లు, వెనక ప్రార్థన. ‘వాడు ఏర్పాటులో లేడేమో, వదిలెయ్యండి’ అన్న మాటకు ఆ మధ్యలో చోటెక్కడుంది?

పోనీ, ఆ కాల్వినిజానికి పేరిచ్చిన కాల్విన్ చెబితే వింటారేమో. ‘క్రైస్తవ మత సూత్రాలు’ మూడో పుస్తకం 23వ అధ్యాయం చివర్లో కాల్విన్, తొలి శతాబ్దాల బిషప్ అగస్టీన్ మాట ఒకటి తీసి చూపిస్తాడు. ఎవరు ఏర్పరచబడినవారో, ఎవరు కారో మనకు తెలియదు కాబట్టి, అందరూ రక్షణ పొందాలని కోరుకునే మనసు మనకుండాలని ఆ మాటకు అర్థం. కాల్వినిస్టుల అయిదు అంశాలు 1618–19లో హాలండ్‌లోని డార్ట్ పట్టణంలో జరిగిన మహాసభ తీర్మానాల్లోంచి వచ్చినవే. ఆ తీర్మానాల మొదటి భాగం 16వ అంశం తీసి చదవమనండి. తమలో విశ్వాసం ఇంకా బలంగా కనిపించనివాళ్లు తిరస్కారం (దేవుడు కొందర్ని వదిలేశాడనడం) అన్న మాట వినగానే హడలిపోనక్కర్లేదని, తమను ఆ లెక్కలో వేసుకోకూడదని, నలిగిన రెల్లును దేవుడు విరవడని అక్కడ రాసి ఉంది. మనిషి తనను తానే ఆ లెక్కలో వేసుకోకూడదన్నారు. ఇంకొకరి తమ్ముణ్ణి వెయ్యడానికి బ్రదర్ గారికి అధికారం ఎవరిచ్చారో!

అగస్టీన్ పేరు వచ్చింది కాబట్టి ఆయన తల్లి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, మీ అమ్మగారి కోసం. మోనికా ఉత్తర ఆఫ్రికా మనిషి. చదువుకున్న కొడుకు, మానీ అనే అతను పెట్టిన వేరే మతంలోకి వెళ్లిపోయాడు. తెలివైనవాడు, వాదనలో ఎవరికీ దొరకడు. ఆవిడ ఒక బిషప్ దగ్గరికి వెళ్లి మావాడితో మాట్లాడండని బతిమాలింది. ఆ బిషప్ ఒకప్పుడు అదే మతంలో పెరిగినవాడు. ‘ఇప్పుడు చెప్పినా వినడు, వదిలెయ్యమ్మా. వాడి కోసం ప్రార్థన చెయ్యి, చదువుకుంటూ వాడే తెలుసుకుంటాడు’ అన్నాడు. ఆవిడ ఏడుస్తూ మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుని, ‘ఇక వెళ్లమ్మా, ఇంత కన్నీటికి పుట్టిన కొడుకు నశించడం జరగదు’ అన్నాడు.

తర్వాత కార్తేజ్ రేవులో ఒక రాత్రి. కొడుకు రోముకు వెళ్తానంటే తల్లి కొంగు పట్టుకున్నట్టు పట్టుకుంది. స్నేహితుణ్ణి ఓడ ఎక్కించి వస్తానని అబద్ధం చెప్పి, దగ్గర్లోని సిప్రియన్ ప్రార్థనామందిరంలో ఆవిణ్ణి ఆ రాత్రికి ఉండమని, అతను ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రంతా ఆవిడ అడిగింది ఒక్కటే, వాణ్ణి ఓడ ఎక్కనివ్వద్దని. తెల్లారేసరికి ఓడ లేదు. ఆ ప్రార్థన విఫలమైందనే ఎవరైనా అంటారు. కానీ ఆ ఓడెక్కినవాడే ఇటలీలో మిలాన్ దాకా వెళ్లి, అక్కడి బిషప్ అంబ్రోస్ ప్రసంగాలు విని, 387 ఈస్టర్ రాత్రి ఆయన చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు మోనికా కన్నుమూసింది.

ఇంతవరకు చాలామంది ప్రసంగాల్లో చెబుతారు. చెప్పనిది ఒకటుంది. అగస్టీన్ ముసలితనంలో, చనిపోవడానికి రెండేళ్ల ముందు, ముందు నిర్ణయం గురించి గట్టిగా వాదిస్తూ ఒక గ్రంథం రాశాడు. విశ్వాసంలో చివరిదాకా నిలవడం కూడా దేవుడిచ్చే వరమే, మన గొప్ప కాదు అన్నది అందులో వాదన. ఆ వాదన మధ్యలోనే తన తల్లి రోజూ కార్చిన కన్నీళ్లకు జవాబుగానే దేవుడు తనను నశించకుండా కాపాడాడని రాశాడు. అంతా దేవుని నిర్ణయమని అంత గట్టిగా నమ్మినవాడికి తల్లి ప్రార్థన అనవసరంగా కనిపించలేదు. ఆ నిర్ణయంలో ఆ కన్నీళ్లు కూడా ఉన్నాయనుకున్నాడు.

ఇక ఊళ్లో పెద్దావిడ మాట. దేవుడు మనిషి మెడ పట్టుకుని లాగడు అనడంలో తప్పేం లేదు. యెరూషలేమును చూసి యేసు, కోడి తన పిల్లల్ని రెక్కల కింద చేర్చుకున్నట్టు చేర్చుకోవాలనుకున్నాను గానీ మీరు ఒల్లకపోతిరి అన్నాడు. ఆ ‘ఒల్లకపోతిరి’ని ఎవరూ చెరిపెయ్యలేరు. యెహెజ్కేలు 33లో దేవుడే, దుర్మార్గుడు చావడం వల్ల నాకు సంతోషం లేదు, మరలి బతకడమే నాకు సంతోషం అంటాడు. అయితే ఆవిడ ఇక్కడ ఆగలేదు. కొడుకు నిర్ణయం కొడుకుదే అని మొదలుపెట్టి, చివరికి ఆ భారం తల్లి నెత్తిన పడేశారు. నిర్ణయం కొడుకుదే అయితే తల్లి ప్రార్థన కొలత చూడటం ఏం న్యాయం? అగస్టీన్ కాలంలోనే పెలాగియస్ అనే సన్యాసి, మనిషి గట్టిగా అనుకుంటే దేవుని ఆజ్ఞలన్నీ నెరవేర్చగలడని బోధించాడు. వినడానికి ఉత్సాహంగా ఉంటుంది. ఓడిపోయినవాడికి మాత్రం అందులో నిలవనీడ ఉండదు, ఎందుకంటే తప్పు ఎప్పుడూ అతనిదే. 418లో కార్తేజ్ సభ ఆ బోధను తోసిపుచ్చింది.

అర్మీనియనిజానికి పేరిచ్చిన డచ్ పండితుడు అర్మీనియస్ అసలు బోధ కూడా అది కాదు. మన దగ్గర అర్మీనియనిజం అంటే ‘అంతా మన చేతిలోనే ఉంది’ అనుకుంటారు. 1610లో ఆయన శిష్యులు సమర్పించిన అయిదు అంశాల్లో మూడోది చూడండి. దేవుని కృప లేకుండా మనిషి తనంతట తాను నిజమైన మంచిని అనుకోనూ లేడు, చెయ్యనూ లేడు అని ఉంటుంది. తేడా నాలుగోదాంట్లో ఉంది. ఆ కృపను మనిషి కాదని తోసెయ్యగలడు అని అర్మీనియన్లు, దేవుడు రక్షించాలనుకున్నవాడి విషయంలో అది చివరికి గెలిచి తీరుతుంది అని కాల్వినిస్టులు. గొడవ అంతవరకే. కృప ముందు వస్తుందన్నది ఇద్దరికీ ఒప్పుదలే.

1784 డిసెంబరులో ఇంగ్లండ్‌లో చార్లెస్ సిమియన్ అనే పాతికేళ్ల పాదిరి, 81 ఏళ్ల జాన్ వెస్లీని కలిశాడు. సిమియన్ కాల్వినిస్టు, వెస్లీ అర్మీనియన్లకు పెద్ద దిక్కు. మనం కత్తులు దూసుకోవాలి కాబోలు, దానికి ముందు కొన్ని ప్రశ్నలడుగుతానన్నాడు కుర్రాడు. దేవుడు ముందుగా మీ మనసులో పెట్టకపోతే ఆయన వైపు తిరగాలన్న ఆలోచనే మీకు వచ్చేది కాదని ఒప్పుకుంటారా? ఒప్పుకుంటానన్నాడు వెస్లీ. మీ పనుల వల్ల దేవుడి దగ్గర నిలబడగలనని నమ్ముతారా? లేదు, క్రీస్తు వల్లే. మొదట క్రీస్తు రక్షించినా తర్వాత మిమ్మల్ని మీరే కాపాడుకోవాలా? లేదు, మొదటి నుంచి చివరి దాకా ఆయనే. అయితే నా కాల్వినిజం ఇంతే, కత్తి లోపల పెట్టేస్తున్నానన్నాడు సిమియన్. తేడాలు మాయమైపోలేదు లెండి. ఈ సిమియన్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ మార్టినే తర్వాత మన దేశానికి వచ్చి కొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించాడు.

అందరూ అలా కత్తి లోపల పెట్టలేదు. డార్ట్ సభ తర్వాత రెండు వందల మంది దాకా అర్మీనియన్ బోధకుల కొలువులు పోయాయి. వాళ్లకు అండగా నిలిచిన ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే 71 ఏళ్ల రాజనీతిజ్ఞుడికి 1619 మేలో తల తీశారు. అందులో రాజకీయం పాలే ఎక్కువ, అయినా ఈ వాదన పేరు మీద అంత జరిగింది. కాథలిక్కుల్లోనూ ఇదే రగడ. డొమినికన్లు, జెస్యూట్లు అనే రెండు సన్యాసి సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటే 1607లో అయిదో పౌలు పోప్, ఎవరూ ఎవర్నీ మతద్రోహి అనవద్దని చెప్పి, తీర్పు ఇవ్వకుండానే ఇద్దర్నీ ఇంటికి పంపేశాడు. నాకెందుకో అది తెలివైన పనే అనిపిస్తుంది.

ఎవరిది కరెక్ట్ అని సూటిగా అడిగారు కాబట్టి తప్పించుకోను. మొదటి అడుగు దేవుడిదే అన్నవాళ్ల వైపే నేను. మీ అమ్మగారు ‘ప్రభువా, వాడి మనసు మార్చు’ అని అడుగుతున్నారు కదా, మనసు లోపల దేవుడు పని చెయ్యగలడని నమ్మకపోతే ఆ ప్రార్థనకు అర్థమే లేదు. అలాగని దేవుడు కొందర్ని నాశనం కోసమే పుట్టించాడు అనే దగ్గర నా కాలు ముందుకు పడదు. 529లో ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ పట్టణంలో జరిగిన సభ కూడా కృపే ముందు అని చెబుతూ, దేవుడు ఎవర్నైనా కీడుకు నిర్ణయించాడనే మాటను శపించింది. ఈ రెండూ తర్కంలో ఎలా పొసుగుతాయి అంటారా? పూర్తిగా పొసిగించి చూపించినవాళ్లను నేను చూడలేదు. పొసిగించామన్నవాళ్లు సాధారణంగా ఏదో ఒక వచనాన్ని పక్కకు నెట్టేసి ఉంటారు.

ముందే నిర్ణయమైపోతే ప్రార్థన ఎందుకన్న ప్రశ్నకు నేను తర్కం కన్నా అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చూపిస్తాను. పౌలును ఖైదీగా రోముకు తీసుకెళ్తున్న ఓడ తుపానులో చిక్కుకుంది. ఓడలో 276 మంది. ఒక్కరి ప్రాణం కూడా పోదని, ఓడ మాత్రమే పోతుందని దేవదూత పౌలుకు చెప్పాడు. పౌలు అది అందరికీ చెప్పాడు. అంటే నిర్ణయం అయిపోయింది, మాట వచ్చేసింది. పద్నాలుగో రాత్రి నావికులు లంగర్లు వేసే వంకతో చిన్న పడవను నీళ్లలోకి దించి పారిపోబోయారు. ఎలాగూ అందరూ బతుకుతారు కదా అని పౌలు ఊరుకోలేదు. వీళ్లు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని శతాధిపతితో చెప్పాడు. సైనికులు తాళ్లు కోసేసి పడవను వదిలేశారు. తెల్లవారుతుండగా పౌలు అందర్నీ తినమని బతిమాలాడు, తానే రొట్టె విరిచి ముందు తిన్నాడు. (ఉపవాసాల గురించి అమ్మగారితో మాట్లాడేటప్పుడు ఈ వచనం కూడా చదివి వినిపించండి.) చివరికి ఈత వచ్చినవాళ్లు ఈదుకుంటూ, రానివాళ్లు పలకలు పట్టుకుని మెలితే అనే ద్వీపం ఒడ్డుకు చేరారు. దేవుడి మాట నెరవేరింది. అది నెరవేరడంలో ఆ కోసిన తాళ్లు, తిన్న రొట్టె, పట్టుకున్న పలకలు అన్నీ ఉన్నాయి. మీ ప్రార్థనను వాటిలో ఒకటిగా లెక్కపెట్టుకోండి.

మీ ఒంగోలు చరిత్రలోనూ ఈ ప్రశ్న ఉంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి తెచ్చిందా, అంటరానితనం నుంచి బయటపడాలన్న పట్టుదల తెచ్చిందా, దేవుడే తెచ్చాడా అని ఇప్పటికీ వాదిస్తారు. వీటిలో ఒకటి నిజమైతే మిగతావి అబద్ధం కావాలని నేననుకోను. మీ ముత్తాతలు ఎవరైనా ఆ నీళ్లలో దిగి ఉంటే, తమ కాళ్లతో తామే దిగి ఉంటారు. తమను పిలిచింది దేవుడే అని కూడా చెప్పి ఉంటారు.

ఇప్పుడు తమ్ముడు. మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఆ సమాధుల తోట వాక్యం. ఆకలితో, నిద్ర లేకుండా, నాన్న కోసం అడిగి అడిగి అలసిపోయిన కుర్రాడికి ‘అంతా దేవుని చిత్తం’ అని చెప్పి పంపేశారు. తప్పుడు మాట అనను, కానీ మట్టి వేస్తుండగా చెప్పే మాట కాదు. ఆ చోట, ఆ గొంతుతో చెబితే అది మనవాళ్లు ‘తలరాత’ అన్నట్టే వినిపిస్తుంది. తలరాతకు ఏడుపు రాదు, జాలి ఉండదు. చనిపోయిన లాజరును కొద్దిసేపట్లో బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు, ఆ సమాధి దగ్గరికి వెళ్లే ముందు కన్నీళ్లు విడిచాడు. మీ తమ్ముడి సమస్య ముందు నిర్ణయమూ కాదు, ఫ్రీ విల్లూ కాదు. వాడు నాన్న కోసం ఏడవడానికి ఎవరూ చోటివ్వలేదు.

అందుకని వాడితో వాదన పెట్టుకోకండి, ప్రసంగాల లింకులు పంపకండి. సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అవసరతల కింద వాడి పేరు ఉంటే తీయించండి. ఆ స్క్రీన్‌షాట్ ఎవరో ఒకరు వాడికి పంపే ఉంటారు. ఫోన్ చేసినప్పుడు ‘చర్చికి వెళ్తున్నావా’ అనే ప్రశ్న పక్కన పెట్టి, ‘నాన్న హాస్పిటల్లో ఉన్నప్పుడు నువ్వు ఏం అడిగావురా?’ అని ఒక్కసారి అడగండి. అడిగి, మధ్యలో అందుకోకుండా వినండి. దేవుడి మీద కోపంగా మాట్లాడితే దిద్దకండి. కీర్తనల్లో 88వది చదివారా? మొదట్లో ‘నా రక్షణకర్త’ అన్న ఒక్క పిలుపు తప్ప, చివరి మాట దాకా చీకటే. ఓదార్పు వచనం ఒక్కటి కూడా లేదు. అయినా దాన్ని బైబిల్లో ఉంచారు. వాడు బైబిల్ పేరెత్తితే ఆ కీర్తన చూపించండి, వివరించకండి. వచ్చే సెలవుల్లో ముగ్గురూ ఊళ్లో కలిస్తే నాన్నగారి సమాధి దగ్గరికి మీరు ముగ్గురే వెళ్లండి, పాస్టరుగారు, కూడికవాళ్లు ఎవరూ లేకుండా.

అమ్మగారితో మాత్రం తేల్చి చెప్పండి. కొడుకు చర్చి మానెయ్యడం ఆవిడ ప్రార్థన చాలక కాదు. ఆ పెద్దావిడతో పోట్లాడనక్కర్లేదు, ఆవిడకూ తన ఇంట్లో ఏ బాధ ఉందో. కొన్నాళ్లు ఆ కూడికకు బదులు ఇంకో చోటికి వెళ్లినా తప్పు లేదు.

సంఘం మారాలా అన్నారు. ఈ ఒక్క మాటకు అక్కర్లేదు. ఆ బ్రదర్‌ని ఒంటరిగా కలిసి, పైన చెప్పిన డార్ట్ 16వ అంశం ఫోన్‌లో తెరిచి చూపించి, ‘మా తమ్ముడి గురించి మీరన్న మాట దీంతో కుదరదు బ్రదర్’ అనండి. మంచివాడైతే ఆగి ఆలోచిస్తాడు. వాదనకు దిగితే పాస్టరుగారికి చెప్పండి. పాస్టరుగారు కూడా అదే మాటంటే, అప్పుడు మళ్లీ నాకు రాయండి.